లూసెరో టాకీసు నుంచి ఒక వీధి సరస్సు వైపు

నిన్న సాయంత్రం సరేనన్న లాయరు ఇవాళ పొద్దున పంటి నొప్పి అంటున్నాడు.

నిడియా మైరేనా అతని దవడ వంక పరీక్షగా చూసింది. వాపు లేదు. బల్ల మీద సగం కొరికిన జున్ను రోస్కియా, రాయిలాంటి గుండ్రటి బిస్కట్టు, ఉంది. పళ్ళు గట్టిగా ఉన్నవాళ్ళు కూడా దాన్ని కాఫీలో నానబెట్టుకునే తింటారు. కాఫీ కప్పు ఎక్కడా కనిపించలేదు.

“ఏ వైపండీ నొప్పి, సొమర్రీబాగారూ?”

లాయరు ఎడమ చెంప పట్టుకున్నాడు. ఆమె ఆ చెంప మీంచి చూపు తిప్పలేదు. అతని చెయ్యి మెల్లగా కుడి చెంప మీదికి మారింది.

“మొన్నటి లాయరుగారికి మనవరాలి బాప్తిజం,” అంది నిడియా. “ఆ తర్వాతాయనకి కారు చెడిపోయింది. ఇప్పుడు మీకు పన్ను, అది కూడా ఒక చోట ఉండనంటోంది. ముగ్గురూ ముందు సరేనన్నవాళ్ళే. మధ్యలో ఏం జరుగుతోంది?”

ఆమె పక్కన నిలబడ్డ పొరుగింటి ఎర్లిందా చేతిలో తువ్వాలుని పిండుతూనే ఉంది. ఆమె మొగుడు ఎలియసర్, సెలెదోన్ బేకరీలో కేకులు, రొట్టెలు ఇళ్ళకి చేరవేసే మనిషి. గడియారాలు బాగుచేసే దోన్ ఆన్సెల్మోని చంపాడని కోర్టు అతనికి ముప్ఫై ఏళ్ళు వేసింది. అప్పీలుకి ఇవాళే ఆఖరి రోజు. సాయంత్రం నాలుగింటికి కోర్టు కిటికీ మూస్తారు. లాయరు సంతకం లేనిదే ఆ కిటికీలో కాయితం పుచ్చుకోరు. ఎలియసర్ తరఫున వాదించమని సర్కారు పెట్టిన లాయరు కుర్రాడు తీర్పు వచ్చిన మర్నాడే చేతులు దులుపుకున్నాడు.

“మీ దగ్గర దాచేందుకు ఏం లేదమ్మా,” అన్నాడు సొమర్రీబా, చెంప మీంచి చెయ్యి తీసేసి. “నేను వేరొకరి కేసులో వేలు పెట్టను. అతను వదులుకున్నానని చెబితే తప్ప మాలో ఎవరూ పెట్టరు. ఇక్కడి పద్ధతి అది.”

“వేరొకరా? ఎవరు?”

“అప్పీలుకి లాయరు ఆల్రెడీ ఉన్నాడు. కోర్టుకి ఫోన్ చేస్తే చెప్పారు.”

ఎర్లిందా నిడియా వైపు తిరిగింది. “ఎవరినీ పెట్టలేదక్కా. నా పిల్లల మీద ఒట్టు.”

“మీ ఆయన పెట్టాడేమో?”

“ఆయన్ని ఇంకా కలవనివ్వలేదు. తీర్పయ్యాక నెల దాకా ములాకాత్ లేదన్నారు.”

“ఆ లాయరు పేరు చెప్పండి,” అంది నిడియా.

“నా నోట రాదు. అతనితో నాకు రేపు పనుంటుంది, ఎల్లుండీ ఉంటుంది.” సొమర్రీబా లేచి తలుపు తీసి పట్టుకున్నాడు. “ఆయనే అప్పీలు వేస్తాడులెండి. మీకెందుకు కంగారు?”

బయటికొచ్చాక నిడియాకి నిజంగానే అయోమయంగా ఉంది. లాయరు లేడని ఊరంతా తిరుగుతుంటే, లాయరు ఉన్నాడని లాయర్లు తరిమేస్తున్నారు. ఉన్నవాడు మనిషికి కనపడడు, భార్యకి కబురు చెయ్యడు. అప్పీలు వేశాడా అంటే అదీ తెలియదు. ఇన్సూరెన్సు కంపెనీలో క్లెయిములు తనిఖీ చేసిన రోజుల్లో తగలబడని ఇళ్ళకి బూడిద చూపించినవాళ్ళని చూసింది గానీ, ఇలా లేని లాయరు ఉండటం మాత్రం మొదటిసారి.

“నువ్వు కోర్టుకి వెళ్ళు,” అంది ఎర్లిందాతో. “ఆ కిటికీ ముందు నుంచి కదలకు. గుమాస్తా భోజనానికి పోతే తిరిగొచ్చేదాకా నిలబడు. రాసుకున్న లాయరు ఎవరో పేరు అడుగు.”

“నువ్వో?”

“ఏ లాయరు వచ్చినా అతనికి ధైర్యం చెప్పాలంటే నా చేతిలో ఏదో ఒకటి ఉండాలి. ఇప్పుడేమీ లేదు. మీ ఆయన్ని జైల్లో పెట్టింది ఒక్క ముసలావిడ సాక్ష్యం. ఆ మాట నిలబడ్డ చోటు ఇంకోసారి చూసొస్తాను.”

ఆ సాక్ష్యం నిడియాకి కంఠతా వచ్చు. ఆ ముసలావిడ, దోన్యా ట్రాన్సిటో, కోర్టులో చెప్పింది ఇదీ: వాన పడుతోంది. రేడియోలో సాయంత్రం నాటకం అప్పుడే మొదలైంది. నేను గొడుగేసుకుని, రేడియో ఒళ్ళో పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నాను. ఈ అబ్బాయి ఏదో మూట ప్లాస్టిక్ కప్పి పట్టుకుని పరిగెత్తాడు. లూసెరో టాకీసు నుంచి ఒక వీధి సరస్సు వైపు. అక్కణ్ణుంచి పైకి వెళ్ళాడు.

ఈ ఊళ్ళో చిరునామాలు ఇలాగే చెబుతారు. లూసెరో టాకీసు నుంచి ఒక వీధి సరస్సు వైపు వెళితే ఉన్నది ఆన్సెల్మో దుకాణం. రేడియో నాటకం మొదలయ్యే వేళకే లోపల కేకలు వినపడ్డాయని పక్కింటివాళ్ళు చెప్పారు. ఆ పొద్దున్నే గోడగడియారం బాగుచెయ్యలేదని ఎలియసర్ ఆన్సెల్మోతో వీధిలో గొడవపడ్డాడు. ఇక జడ్జికి కావలసిందేముంది? కేకు పట్టుకుని పాత పేటలో ఇల్లు వెతుక్కుంటూ తిరిగానని, ఇల్లు దొరకలేదని, కేకు తడిసి పాడైపోతే పారేశానని ఎలియసర్ మొత్తుకున్నాడు. కేకు అందలేదని పుట్టినరోజు పిల్ల తల్లే వచ్చి చెప్పింది. దాంతో అతను చెప్పిందంతా కట్టుకథ అయిపోయింది.

దుకాణం ఇప్పుడు సగమే ఉంది. పైకప్పు రేకులు ఊడదీసి గోడకి ఆనించారు. తాపీవాళ్ళు ఇసుక జల్లెడ పడుతున్నారు. నిడియా వాళ్ళని పట్టించుకోకుండా వీధి మధ్యలో నిలబడి ముసలావిడ కూర్చున్న మెట్ల కోసం చూసింది.

మెట్లు లేవు. దుకాణానికి ఎదురుగా గోదాము గోడ, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా. దానికి ఒక తలుపు గానీ కిటికీ గానీ లేదు. ఇటువైపు ఇళ్ళన్నీ నేలబారున ఉన్నాయి.

పైకి, అంటే ఈ ఊరి లెక్కలో సూర్యుడు పొడిచే వైపు, నడిచింది. నాలుగు ఇళ్ళు దాటేసరికి వీధి ఆగిపోయింది. అడ్డంగా పెద్ద మురుగు కాలువ, మనిషి లోతుకి రెండింతలు. వంతెన లేదు. వాన రోజున అందులో నీళ్ళు ఎలా వస్తాయో ఈ ఊళ్ళో అందరికీ తెలుసు.

“దూకుతారా ఏంటి, ఇన్సూరెన్సు అక్కగారూ?”

ఇన్‌స్పెక్టర్ బయార్దో పికాదో. కేసు పట్టినవాడు. అరటిపళ్ళ బండికి ఆనుకుని నిలబడి నవ్వుతున్నాడు. ఈ కేసుతో అతని భుజం మీద ఇంకో నక్షత్రం రాబోతోందని స్టేషనంతా చెప్పుకుంటున్నారు.

“ఎలియసర్ దూకాడని నువ్వేగా రాశావు,” అంది నిడియా. “వానలో, చేతిలో మూటతో. నువ్వు దూకి చూపించు, నేనూ ఒప్పుకుంటాను.”

“ఆవిడ పెద్దావిడ. పైకి, కిందికి తికమకపడి ఉంటుంది.”

“పైకి అన్న మాటలో తికమకపడింది. మెట్ల దగ్గర తికమకపడింది, ఎందుకంటే ఇక్కడ మెట్లే లేవు. నీకు కావలసిన ముక్క దగ్గర మాత్రం బుర్ర చక్కగా పనిచేసిందా?”

పికాదో నవ్వు కాస్త తగ్గింది. “మనిషిని గుర్తుపట్టింది. టైము చెప్పింది. చోటు చెప్పింది. ఇంకేం కావాలి?”

“ఆవిణ్ణి ఇక్కడికి తీసుకొచ్చి నిలబెట్టి అడిగావా?”

“ఎందుకు? లూసెరో టాకీసు ఎక్కడుందో పసిపిల్లాడికీ తెలుసు. అదిగో, నా వెనకే ఉంది. పైగా ఆవిడకి గుండె జబ్బు. కొడుకే కారులో స్టేషనుకి తీసుకొచ్చి, చెయ్యి పట్టుకుని దింపి, సాక్ష్యం చెప్పించి తీసుకెళ్ళాడు. మళ్ళీ ఎవరూ విసిగించొద్దన్నాడు. ఆ మాట మీకూ చెబుతున్నాను.”

“లాయర్లకి కూడా నువ్వే చెబుతున్నావా? ముగ్గురు తలుపులు మూశారు.”

“ఏం లాయర్లు?”

“నటించకు.”

“నేను గెలిచిన కేసండీ ఇది. నేనెందుకు లాయర్ల వెంట పడతాను? అప్పీలు వేసుకుంటే వేసుకోండి. ఎన్ని కోర్టులకి వెళ్ళినా ముసలావిడ మాట ముసలావిడ మాటే.”

అబద్ధమాడేటప్పుడు పికాదో టోపీ సర్దుకుంటాడు. ఇప్పుడు టోపీ జోలికి పోలేదు. అతనంటే ఒళ్ళు మంటే గానీ, ఈ మాట నిజమేనని నిడియాకి అనిపించింది. దాంతో అయోమయం ఇంకాస్త ముదిరింది. పోలీసు కాకపోతే లాయర్లని ఆపుతున్నదెవరు?

“ఈ స్థలం ఎవరిది ఇప్పుడు?” అని అడిగింది, వెళుతూ వెళుతూ.

“ఎవరో కొనుక్కున్నారు. చచ్చినవాడు అద్దెకున్నాడు, అంతే. మీరు స్థలాలు కూడా చూస్తున్నారా?”

ఆమె జవాబు చెప్పకుండా టాక్సీ ఆపింది.

దోన్యా ట్రాన్సిటో ఇంటికి నిడియా అంతకుముందు రెండుసార్లు వెళ్ళింది. రెండుసార్లూ కొడుకే తలుపు తీశాడు. ఎవెనోర్ ఒకోన్, స్థలాల వ్యాపారి. మెత్తగా మాట్లాడే మనిషి. అమ్మ పడుకుందన్నాడు, అమ్మకి ఒంట్లో బాగాలేదన్నాడు. ఇవాళ పని వేళలో వచ్చింది కాబట్టి అతను ఉండడని ఆమె ఆశ. బెల్లు కొట్టి చాలాసేపు నిలబడింది. చివరికి తలుపు తీసింది నల్ల బట్టల్లో, పౌడరు రాసుకుని, చెవులకి ముత్యాలు పెట్టుకున్న ఒక నిటారైన ముసలావిడ. గుండె జబ్బు మనిషిలా లేదు.

“ఏం కావాలి?”

“ఎలియసర్ తరఫున వచ్చానండీ. ఆ బేకరీ అబ్బాయి.”

“ఓహో.” ముసలావిడ పక్కకి తప్పుకుంది. “ఇప్పటికి గుర్తొచ్చానన్నమాట. రా, కూర్చో. వాడేడీ? వాడికి కాళ్ళు లేవా?”

నిడియా కుర్చీ అంచున కూర్చుంది.

“నాకు ఈ వయసులో కోర్టు మెట్లెక్కాల్సిన ఖర్మేంటమ్మాయ్? ఎక్కాను. అంతమంది మగాళ్ళ ముందు నిలబడి వాడి తరఫున సాక్ష్యం చెప్పాను. ఒక్కసారి వచ్చి కనపడ్డాడా? పోనీ ఓ కేకు ముక్క పంపాడా? ఈ కాలం పిల్లలకి కృతజ్ఞత లేదు.”

“వాడి తరఫునా?” అంది నిడియా.

“మరెవరి తరఫున? వాడు మా ఇంటి ముందే కదా తిరిగాడు ఆ సాయంత్రం. ఎక్కడో ఎవడినో చంపాడంటారేంటి? మూట పట్టుకుని, తడిసిపోతూ, ఇల్లు దొరక్క ఏడుపు మొహం పెట్టుకుని నా ముందు నుంచే రెండుసార్లు పోయాడు పాపం.”

నిడియా తల విదిలించింది. ముక్కలన్నీ ఉన్నాయి, ఒక్కటీ అతకటం లేదు. “దోన్యా, మీ ఇల్లు ఇదేగా.”

“ఇది మావాడి ఇల్లు. మా ఇల్లు టాకీసు నుంచి ఒక వీధి సరస్సు వైపు. చెప్పానుగా కోర్టులో. ప్రతి శుక్రవారం వెళ్ళి కాసేపు మెట్ల మీద కూర్చుంటాను.”

“నేను ఇప్పుడే అక్కణ్ణుంచి వస్తున్నానండీ. అక్కడ మెట్లు లేవు.”

“భూకంపానికే పోని మెట్లు నువ్వు చూడంగానే పోయాయా?”

“లూసెరో టాకీసు నుంచేగా మీరు అంటున్నది? అక్కడ గోదాము ఉంది. ఇవాళ టాకీసులో ఏదో మెక్సికో సినిమా ఆడుతోంది, బోర్డు కూడా చూశాను.”

దోన్యా ట్రాన్సిటో ఆమెని పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. “లూసెరోలో సినిమా ఆడటమేంటి? అది కూలిపోయి పాతికేళ్ళయింది.”

నిడియా ఏళ్ళు లెక్క వేసుకుంది. తను ఈ ఊరికి వచ్చింది భూకంపం తర్వాత, మటగల్పా కొండల్లోంచి. పికాదో అప్పటికి పాలు తాగే పిల్లాడు. జడ్జి ఇంకో ఊరివాడు. వాళ్ళందరికీ లూసెరో అంటే కొత్త పేటలో ఉన్న రేకుల టాకీసు. అంతకుముందు ఒక లూసెరో ఉండేదని, అది ఊరికి ఇంకో కొసన, బస్సు మారి వెళ్ళాల్సినంత దూరంలో మట్టిలో కలిసిపోయిందని ఆ కోర్టు హాల్లో ఒక్కరికీ తట్టలేదు. ఊళ్ళో ఇంకా సగం మంది చిరునామాలు పోయిన చెట్ల నుంచి, కూలిన మేడల నుంచే చెబుతారు. కాకపోతే ‘లూసెరో ఉండే చోటి నుంచి’ అంటారు. ఈవిడ ఆ ఒక్క ముక్క అనలేదు.

“దోన్యా, టాకీసు ‘ఉండే చోటు’ అని మీరు ఎందుకు చెప్పలేదు?”

“ఉండే చోటేంటి? మా ఆయన భూకంపం రాత్రి ఆఖరాట ముగించి మిషను తుడుస్తున్నాడు. అక్కణ్ణుంచి ఆయన్ని తియ్యనేలేదు. ఆయన లోపలున్నంత కాలం అది టాకీసే. ఆ రేకుల కొట్టుకి మా పేరు దొంగిలించి పెట్టుకుంటే నాకేంటి?”

నిడియా కళ్ళు చెమర్చాయి. కానీ జాలిపడే తీరిక లేదు. గోడ మీద గడియారం మూడు దాటింది. ఉన్నదున్నట్టు చెప్పేసింది. మీరు చెప్పిన చోటు హత్య జరిగిన వీధి అనుకున్నారు. మీ మాట పట్టుకునే అతనికి ముప్ఫై ఏళ్ళు వేశారు. అతను జైల్లో ఉన్నాడు, అందుకే మీ దగ్గరికి రాలేదు.

ముసలావిడ మొహం మీద పౌడరు తప్ప రంగు మిగల్లేదు.

“నా మాట మీదా?” అంది.

“అవునండీ.”

“నేను వాణ్ణి కాపాడాననుకున్నాను. రోజూ రాత్రి ప్రార్థనలో కూడా చెప్పుకున్నాను, ఒక మంచి పని చేశాను తండ్రీ అని.” అంతలోనే కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. “నా శాలువా ఎక్కడుందో చూడు. పద కోర్టుకి. ఇప్పుడే చెబుతాను.”

నిడియాకి ఆమెని కావలించుకోవాలనిపించింది. “వస్తే చాలు దోన్యా. కానీ ముందు లాయరు సంతకం కావాలి. నాలుగింటిలోపు. ఒక్కడూ దొరకటం లేదు.”

“లాయరుకేం కరువు? మా ఎవెనోర్ లేడూ?”

“ఆయన స్థలాల వ్యాపారం కదా.”

“చదివింది లా. బోర్డు కట్టలేదు గానీ లైసెన్సు ఉంది. ఆ అబ్బాయి వ్యవహారం వాడే చూస్తున్నాడు. ఆ అబ్బాయి దగ్గరికెళ్ళి సంతకం కూడా పెట్టించుకొచ్చాడు. ‘నువ్వు దిగులు పడకమ్మా, ఊరికే చేసిపెడతాను’ అన్నాడు. ఎక్కడికెళ్ళావంటే జైలు అనలేదు, ఆఫీసు అన్నాడు. నాకు చెప్పటం మరచిపోయి ఉంటాడు.”

నిడియా చేతిలో శాలువా అలాగే ఉండిపోయింది. మూడు రోజులుగా ఊరంతా వెతికిన లాయరు దొరికాడు.

“దోన్యా,” అంది నెమ్మదిగా, “పోలీసులకి చెప్పమని మీకు ఎవరు చెప్పారు?”

“వాడే. కారులో కూడా నాలుగుసార్లు చెప్పించాడు. ‘నాకు చెప్పినట్టే చెప్పు, ఒక్క ముక్క కూడా కలపొద్దు’ అన్నాడు. చిన్నప్పట్నుంచీ నా మాట వాడికి తెలిసినట్టు ఎవరికి తెలుసు?”

“ఆ శుక్రవారం మీతో పాటు మెట్ల దగ్గర ఆయన కూడా కూర్చున్నారా?”

“ఎక్కడ? నన్ను దింపేసి, ఎవరో అద్దెవాడు స్థలం ఖాళీ చెయ్యనంటున్నాడని, మాట్లాడొస్తానని వెళ్ళాడు. వచ్చేసరికి ఎంత ఆలస్యమైందో. తడిసి ముద్దైపోయాడు, కారులో వెళ్ళినవాడు. అడిగితే కసిరాడు.” చెబుతున్నదల్లా ముసలావిడ ఆగింది. ఏదో గుర్తుకొచ్చినట్టు కనుబొమలు ముడిపడ్డాయి. ఆ ఆలోచనని పూర్తిగా దగ్గరికి రానివ్వటం ఆమెకి ఇష్టం లేదని నిడియాకి అర్థమైంది.

“పదండి దోన్యా. టాక్సీ దొరుకుతుంది. దారిలో మాట్లాడుకుందాం.”

“టాక్సీ ఎందుకు? నువ్వు బెల్లు కొట్టగానే వాడికి ఫోన్ చేశాను. కొత్తవాళ్ళు ఎవరొచ్చినా చెప్పమన్నాడు. వచ్చేదాకా నిన్ను కూర్చోబెట్టమన్నాడు.”

బయట కారు తలుపు పడిన చప్పుడైంది. నిడియా ముసలావిడ మోచెయ్యి పట్టుకుంది గానీ వెళ్ళటానికి ఇంకో దారి కనిపించలేదు. వంటింటి వెనక ఎత్తైన గోడ, దాని మీద గాజు పెంకులు. తలుపు తెరుచుకుంది. ఎవెనోర్ ఒకోన్ లోపలికి వచ్చి ముందు తల్లి మొహం చూశాడు, తర్వాత నిడియా చేతిలో శాలువా చూశాడు. ఆ తర్వాత ఎంతో మర్యాదగా నవ్వాడు.

“క్షమించండి, ఇంతకుముందు వచ్చినప్పుడు సరిగ్గా మాట్లాడలేకపోయాను. మీరు లాయరు కోసం తిరుగుతున్నారట.”

“ఆ అబ్బాయి జైల్లో ఉన్నాడట్రా,” అంది తల్లి. “నువ్వు నాకు చెప్పలేదు. సంతకం పెట్టు. ఇవాళే పెట్టాలట, నాలుగింటిలోపు. కోర్టులో నేను మాట్లాడతాను.”

“తప్పకుండా పెడతానమ్మా,” అన్నాడు ఎవెనోర్. తలుపు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని, వాళ్ళిద్దరికీ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “రేపు పొద్దున్నే.”